మీ బేస్‌బాల్ టీమ్ రోజూ ఓడిపోతుంటే సీజన్ ఆఖరిదాకా చూడటం ఎలా

అమెరికాలో మనవాళ్లకి టీమ్ ఉద్యోగంతో పాటు వస్తుంది. డాలస్‌లో ప్రాజెక్ట్ దొరికితే రేంజర్స్, హ్యూస్టన్ అయితే ఆస్ట్రోస్, చికాగో అయితే కబ్స్ లేదా వైట్ సాక్స్. పిల్లలు స్కూల్ నుంచి టోపీ పెట్టుకుని ఇంటికొస్తారు, ఆఫీసులో పక్క సీటాయన మిగిలిపోయిన టికెట్లు చేతిలో పెడతాడు, అలా మొదలై కొన్నాళ్లకి ఆ టీమ్ ఓడితే రాత్రి అన్నం సయించని దాకా వస్తుంది. గెలుస్తున్నంతకాలం ఇబ్బంది లేదు. ఓడటం మొదలైతే మాత్రం ఈ ఆటలో అది నెలల తరబడి సాగుతుంది, చాలామంది మే నెలకే టీవీ కట్టేస్తారు.

కట్టేయొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉదాహరణగా 2024 చికాగో వైట్ సాక్స్‌ని తీసుకుంటున్నా, ఎందుకంటే ఆ ఏడాది వాళ్లు 162 మ్యాచ్‌ల్లో 41 గెలిచి 121 ఓడారు, ఆధునిక మేజర్ లీగ్‌లో ఒక్క సీజన్లో అన్ని ఓటములు ఇంకే టీమూ మూటగట్టుకోలేదు. ఆ సీజన్‌ని చూడగలిగితే ఏ సీజన్‌నైనా చూడొచ్చు. నేను చెప్పేదల్లా ఒక్కటే: పాయింట్ల పట్టిక మీంచి చూపు తీసి, ఈ టీమ్ ఇలా ఎందుకు తయారైంది, ఇందులో ఎవరు బాగుపడుతున్నారు, నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు అన్నవాటి మీద పెట్టండి. అప్పుడు చూడటానికి బోలెడంత ఉంటుంది.

ముందు ఎంత మునిగామో తెలుసుకోండి

మనకి అలవాటైన ఐపీఎల్‌లో లీగ్ దశలో ఒక్కో టీమ్‌కి 14 మ్యాచ్‌లు. 2008లో డెక్కన్ చార్జర్స్ 14లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది, మరుసటి ఏడాది కప్పు కొట్టింది. అక్కడ బాధ రెండు నెలల్లో తీరిపోతుంది. బేస్‌బాల్ అలా కాదు, మార్చి ఆఖర్లో మొదలై సెప్టెంబర్ ఆఖరిదాకా దాదాపు రోజూ మ్యాచే. అందుకే ఇక్కడ రెండు మూడు ఓటములకి అర్థం లేదు, చాంపియన్ అయిన టీమ్ కూడా చాలాసార్లు 60 పైన ఓడుతుంది.

ఈ ఆటలో ఒక పాత మాట ఉంది. ఏ టీమైనా 54 గెలుస్తుంది, ఏ టీమైనా 54 ఓడుతుంది, మిగిలిన 54లో ఏం చేసిందన్నదే సీజన్ అని. వైట్ సాక్స్‌కి ఆ ఊరికే రావాల్సిన 54 కూడా రాలేదు. నా దృష్టిలో 90 ఓటములంటే ఆ ఏడాది బాగాలేదని. 100 దాటితే టీమ్‌ని కట్టినవాళ్లు లెక్క తప్పారని. 115 దాటితే అది ఆటగాళ్ల మీద తోసేసే విషయం కాదు, ఆఫీసులో ఏళ్ల తరబడి జరిగిన తప్పు. ఆ పైన ఉన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ 120 ఓడింది, 2003లో డెట్రాయిట్ టైగర్స్ 119, 2025లో కొలరాడో రాకీస్ 119. (1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ అని ఒక టీమ్ 134 ఓడింది కానీ అది పాత కాలం లెక్క, రికార్డుల్లో దాన్ని విడిగానే చూస్తారు.)

పాతిక మ్యాచ్‌లయ్యాక ఒకసారి ఆగి చూడండి. వైట్ సాక్స్ అప్పటికి 3 గెలిచి 22 ఓడింది. అలాంటి చోట ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత జరిగే నాకౌట్ మ్యాచ్‌లు) గురించి లెక్కలు వేసుకోవడం అక్కడితో మానేయాలి. 'ఇక్కణ్నుంచి అన్నీ గెలిస్తే' అని కూర్చుంటే ప్రతి రాత్రీ కొత్తగా గుండె మండుతుంది. ఆశ వదిలేస్తే ఆటని ఆటగా చూడొచ్చు, టెన్షన్ సగం తగ్గిపోతుంది.

దురదృష్టమా, చేతకానితనమా

ఓడే టీమ్ అభిమానులు ఎక్కువగా కొట్టుకునేది ఈ ప్రశ్న మీదే. ఒక్క పరుగు తేడాతో మూడు మ్యాచ్‌లు పోగానే 'లక్ లేదు' అంటారు. దీనికి కాగితం మీద తేలిపోయే లెక్క ఒకటుంది, మీ పిల్లలతో చేయించండి, సరదాగా ఉంటుంది. టీమ్ చేసిన పరుగుల వర్గం తీసుకోండి, ఇచ్చిన పరుగుల వర్గం తీసుకోండి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే ఆ టీమ్ ఎంత భాగం మ్యాచ్‌లు గెలిచి ఉండాలో దాదాపుగా వస్తుంది.

2024లో వైట్ సాక్స్ చేసినవి 507 పరుగులు, ఇచ్చినవి 813. 507 వర్గం 2,57,049. 813 వర్గం 6,60,969. రెండూ కలిపితే 9,18,018. భాగిస్తే 0.28 వస్తుంది, దాన్ని 162తో గుణిస్తే 45. అంటే అదృష్టం మామూలుగా ఉండి ఉంటే 45 గెలవాల్సింది, 41 గెలిచారు. ఆ నాలుగు మ్యాచ్‌ల వరకు లక్‌ని తిట్టుకోవచ్చు. మిగతాదంతా టీమ్ బలహీనతే. మ్యాచ్‌కి సగటున మూడు చేసి ఐదు ఇస్తే ఎవరు మాత్రం గెలుస్తారు?

మీ టీమ్‌కి కూడా నెలకోసారి ఈ లెక్క వేయండి. లెక్క ప్రకారం రావాల్సిన గెలుపులకన్నా బాగా తక్కువ వస్తుంటే టీమ్ కనిపిస్తున్నంత చెత్తగా లేదని అర్థం, వచ్చే నెలల్లో కాస్త మెరుగు కనిపించే అవకాశం ఉంది. లెక్కా పట్టికా ఒకే మాట చెబుతుంటే ఇంక దాన్ని ఒప్పుకోవడమే.

కారణం వెతకండి, కనీసం ఏడెనిమిదేళ్లు వెనక్కి వెళ్లండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఒక సీజన్‌లో 121 ఓడాలంటే ఆ ఒక్క సీజన్‌లో చేసిన తప్పులు చాలవు. వైట్ సాక్స్ కథ 2016 డిసెంబర్‌లో మొదలవుతుంది. అప్పుడు వాళ్లు తమ మేటి పిచ్చర్ (బంతి విసిరేవాడు) క్రిస్ సేల్‌ని బోస్టన్ రెడ్ సాక్స్‌కి ఇచ్చేసి యోవాన్ మోంకాడా, మైకేల్ కోపెక్ లాంటి కుర్రాళ్లని తీసుకున్నారు. 2017లో హోసే క్వింటానాని అదే ఊళ్లోని కబ్స్‌కి ఇచ్చి ఎలోయ్ హిమెనెజ్‌నీ, డిలన్ సీజ్‌నీ తెచ్చుకున్నారు. ఇప్పుడు ఓడదాం, తర్వాత గెలుద్దాం అన్న పద్ధతి, రీబిల్డ్ అంటారు దీన్ని. అభిమానులు నమ్మారు, ఓపిక పట్టారు.

పంట చేతికొచ్చింది కూడా. 2021లో 93 గెలిచి డివిజన్ (లీగ్‌లో తమ గుంపు) టైటిల్ పట్టారు. కుర్రాళ్లందరూ ఒకేసారి ఎదిగారు, ఇంక ఐదారేళ్లు మనదే అని ఊరంతా అనుకుంది. 2022లో 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. ఏమైంది? మోంకాడా, హిమెనెజ్ ఇద్దరూ మాటిమాటికీ గాయాలతో బెంచ్ మీదే ఉన్నారు. వాళ్ల వెనక ఇంకో వరస కుర్రాళ్లు తయారుగా లేరు. 70 ఏళ్లు దాటిన టోనీ లా రుసాని మేనేజర్‌గా (అంటే కోచ్‌గా) తీసుకురావడం ఓనర్ సొంత నిర్ణయమని ఊళ్లో అందరికీ తెలుసు. బయటినుంచి కొన్నవాళ్లలో అన్నిటికన్నా పెద్ద కాంట్రాక్ట్, ఐదేళ్లకి 7.5 కోట్ల డాలర్లు, ఆండ్రూ బెనిన్‌టెండికి ఇచ్చారు. ఆ క్లబ్ చరిత్రలోనే అది పెద్ద కాంట్రాక్ట్ అంటే, మిగతా క్లబ్బులు ఖర్చుపెట్టే తీరుతో పోలిస్తే వీళ్లు ఎక్కడున్నారో మీరే చూసుకోండి.

2023 ఆగస్టులో ఆఫీసులో పెద్దవాళ్లిద్దరినీ తీసేసి, బయట ఎవరినీ వెతక్కుండా లోపలే ఉన్న క్రిస్ గెట్జ్‌ని జనరల్ మేనేజర్ చేశారు. ఆయన 2024 సీజన్ మొదలవకముందే సీజ్‌ని శాన్ డియాగోకి పంపేశారు. అంటే మొదటి రీబిల్డ్‌లో తెచ్చుకున్నవాళ్లని అమ్మి రెండో రీబిల్డ్ మొదలుపెట్టారు. ఒక్క డివిజన్ టైటిల్ కోసం అన్నేళ్లు.

మీ టీమ్ విషయంలో కూడా ఇలాగే ఒక కాగితం మీద రాసుకోండి: ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చారు, తెచ్చినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఎవరిని ఎవరు నియమించారు. అది రాశాక, పాపం నెల క్రితం మైనర్స్ (కింది లీగ్‌లు) నుంచి వచ్చిన కుర్రాడు బంతి వదిలేశాడని వాణ్ని తిట్టాలనిపించదు. కోపం చేరాల్సిన చోటికి చేరుతుంది.

ఒక్క ఆటగాణ్ని పట్టుకోండి

టీమ్ మొత్తాన్ని మోయలేనప్పుడు ఒక్కడి సీజన్‌ని మోయండి. 2024లో ఆ ఒక్కడు గారెట్ క్రోషె, ఎడమచేతి పిచ్చర్. అంతకుముందు మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టనివాడు, అన్నీ మధ్యలో వచ్చి వేసినవే. అలాంటివాడికి ఏకంగా ఓపెనింగ్ డే బంతి ఇచ్చారు. మార్చి 28న టైగర్స్ మీద ఆరు ఇన్నింగ్స్ (మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి) వేశాడు, ఎనిమిది మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు, ఒక్క పరుగు ఇచ్చాడు. టీమ్ 1-0తో ఓడిపోయింది. మొత్తం సీజన్ ఎలా ఉండబోతోందో ఆ మొదటి సాయంత్రమే కళ్లకి కట్టింది.

పిచ్చర్‌ని ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది, ఐదారు రోజులకి ఒకసారే వస్తాడు. క్రోషె వచ్చే రోజు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని ఆ రోజు మాత్రం మొదటి బంతినుంచి చూడండి, మిగతా రోజులు స్కోరు చూసి వదిలేయండి. అతను ఆ ఏడాది 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు తీశాడు, ఆల్‌స్టార్ మ్యాచ్‌కి (మేటి ఆటగాళ్లు ఆడేది) ఎంపికయ్యాడు. జూలై నుంచి చెయ్యి అలిసిపోకుండా నాలుగు ఇన్నింగ్స్ దాటనివ్వలేదు, చూసేవాళ్లకి అది కాస్త చప్పగా ఉంటుంది కానీ ఎందుకు చేస్తున్నారో తెలిస్తే ఆ నాలుగు ఇన్నింగ్సూ ఇంకా జాగ్రత్తగా చూస్తాం.

ఇక్కడే ఒక పాఠం కూడా. అతని ఖాతాలో పడింది 6 గెలుపులు, 12 ఓటములు. ఆ డిసెంబర్‌లో బోస్టన్‌కి ట్రేడ్ అయ్యి 2025లో 18 గెలిచి 5 ఓడాడు. మనిషి అదే, చెయ్యి అదే, వెనక నిలబడ్డ టీమ్ మారింది. పిచ్చర్ పేరు పక్కన కనిపించే గెలుపోటముల అంకెలు చూసి ఎవరినీ తక్కువ చేయకండి, ముఖ్యంగా ఓడే టీమ్‌లో.

ఓడే మ్యాచ్‌లోనే రూల్స్ నేర్చుకోండి

గెలిచే టీమ్ చూసేటప్పుడు రూల్ బుక్ ఎవడికీ గుర్తురాదు. ఓడే టీమ్ చూస్తుంటే మీరెప్పుడూ చూడని రకాలుగా ఓడిపోతుంది, దాంతో ఆట లోతు తెలుస్తుంది. మే 23న బాల్టిమోర్ ఓరియోల్స్‌తో మ్యాచ్ తీసుకోండి. తొమ్మిదో ఇన్నింగ్స్ చివరి భాగం, వైట్ సాక్స్ 8-6తో వెనకబడి ఉన్నా తరుముకొస్తోంది. ఒకరు ఔట్, మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లున్నారు. బెనిన్‌టెండి బంతిని నిటారుగా పైకి లేపాడు. అలా లోపలి ఫీల్డర్ల దగ్గరే తేలిగ్గా పడే బంతి లేచినప్పుడు, ఫీల్డర్ కావాలని వదిలేసి రన్నర్లిద్దరినీ ఔట్ చేయకుండా, బంతి గాల్లో ఉండగానే అంపైర్ బ్యాటర్‌ని ఔట్ అని ప్రకటిస్తాడు. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటారు. రన్నర్లకి రక్షణగా పెట్టిన రూల్ అది.

సరే, రెండో ఔట్. కానీ రెండో బేస్ మీదున్న ఆండ్రూ వాన్ వెనక్కి నడుస్తూ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గన్నర్ హెండర్సన్ దారిలోకి వచ్చాడు. హెండర్సన్ తప్పుకుని బంతి పట్టేశాడు, ఏ ఇబ్బందీ కలగలేదు. అయినా ఫీల్డర్‌కి అడ్డొచ్చాడని అంపైర్ వాన్‌ని కూడా ఔట్ ఇచ్చాడు. కావాలని అడ్డొచ్చినా, తెలియక వచ్చినా ఈ రూల్‌కి తేడా లేదు. మూడో ఔట్, మ్యాచ్ ఐపోయింది. కొట్టింది ఒక్క బంతి, పోయింది ఇద్దరు, అదీ ఒక గాల్లో లేచిన బంతికి. ఆ నిర్ణయం తొందరపాటని నా అభిప్రాయం, కానీ ఆ రాత్రి తర్వాత ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ నేనెప్పటికీ మర్చిపోను. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ రూల్ వెతికి చదవండి, సీజన్ ఐపోయేసరికి పుట్టి పెరిగిన అమెరికన్ల పక్కన కూర్చుని వాదించగలుగుతారు.

వరుస ఓటముల రోజుల్లో

జూలై 10 నుంచి ఆగస్టు 5 దాకా వైట్ సాక్స్ వరుసగా 21 మ్యాచ్‌లు ఓడింది, అమెరికన్ లీగ్ రికార్డుతో సమానం. మధ్యలో ఆల్‌స్టార్ సెలవులు వచ్చాయి కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నారు గానీ లేకపోతే ఇంకా భారంగా ఉండేది. ఇలాంటి రోజుల్లో మూడు గంటలు టీవీ ముందు కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. రేడియోకి మారండి. వైట్ సాక్స్ రేడియోలో లెన్ కాస్పర్ కామెంటరీ వింటూ వంట చేసుకోవచ్చు, నడకకి వెళ్లొచ్చు, ఓటమి కూడా కబుర్లలా చెవిన పడుతుంది. పైగా లోకల్ టీమ్ వీడియోని ఎంఎల్‌బీ యాప్ ఆ ఊళ్లోనే బ్లాక్ చేస్తుంది, ఆడియోకి ఆ బాధ లేదు. ఇండియా నుంచి చూసేవాళ్లకి ఇంకో వెసులుబాటు: వేసవిలో చికాగోలో సాయంత్రం 6:40కి మొదలయ్యే మ్యాచ్ మనకి తెల్లారి 5:10కి వస్తుంది. కాఫీతో మూడు ఇన్నింగ్స్ చూసి ఆఫీసుకి తయారవ్వొచ్చు, ఆ తర్వాత జరిగింది మధ్యాహ్నం చదువుకోవచ్చు.

ఓటముల వరస తెగే రోజుని మాత్రం వదలకండి. ఆగస్టు 6న ఓక్‌లాండ్‌లో 5-1తో గెలిచినప్పుడు ఆటగాళ్లు ఒకరినొకరు వాటేసుకున్న తీరు చూస్తే, వీళ్లకి పట్టింపు లేదన్నవాళ్ల నోళ్లు మూతపడాలి.

రెండు రోజులకే, ఆగస్టు 8న, మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. అప్పటికి 28 గెలిచి 89 ఓడారు. తర్వాత వచ్చిన గ్రేడీ సైజ్‌మోర్ కింద 13-32. కాస్త మెరుగు, అంతే. మేనేజర్ మారితే గాలి మారుతుందేమో గానీ చేతిలో ఉన్న ఆటగాళ్లు మారరు, కాబట్టి ఆ వార్త రాగానే పండగ చేసుకోకండి.

జూలై ఆఖరు

ట్రేడ్‌ల గడువు దగ్గరపడితే ఓడే టీమ్‌కి ఒక రకంగా అదే ఫైనల్. ఉన్నవాళ్లలో పనికొచ్చేవాళ్లని పెద్ద టీమ్‌లకి ఇచ్చి కుర్రాళ్లని తెచ్చుకుంటారు. 2024లో మూడు టీమ్‌ల మధ్య జరిగిన ట్రేడ్‌లో ఎరిక్ ఫెడ్డీ, టామీ ఫామ్ సెయింట్ లూయిస్‌కి, కోపెక్ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కి వెళ్లారు. కోపెక్ అదే ఏడాది డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచాడు. మారుగా వచ్చినవాళ్లలో ముఖ్యుడు మిగేల్ వర్గాస్, వచ్చిన రెండు నెలలూ .104 సగటుతో (దాదాపు పది ప్రయత్నాలకి ఒక్క హిట్) కొట్టి అందరి చేతా తిట్లు తిన్నాడు. 2025లో అతనే రోజూ ఆడి 16 హోమ్ రన్‌లు కొట్టాడు. ట్రేడ్‌కి మార్కులు ఆ వారంలోనే వేయకండి, కనీసం ఏడాదిన్నర ఆగండి.

స్టేడియంకి వెళ్లండి, ఇదే మంచి సమయం

టీమ్ ఓడుతున్నప్పుడు టికెట్లు చవక, మంచి సీట్లు దొరుకుతాయి, పార్కింగ్ గొడవ ఉండదు. నలుగురున్న కుటుంబం గెలిచే టీమ్ మ్యాచ్‌కి వెళ్తే జేబు ఖాళీ అవుతుంది. వైట్ సాక్స్ స్టేడియం సౌత్ సైడ్‌లో, రెడ్ లైన్ రైలు దిగితే ఎదురుగానే ఉంటుంది, సాక్స్-35త్ స్టాప్. నేపర్‌విల్, అరోరా వైపు ఉండే మనవాళ్లు మెట్రాలో యూనియన్ స్టేషన్ దాకా వచ్చి, అక్కణ్నుంచి కొంచెం నడిచి జాక్సన్ దగ్గర రెడ్ లైన్ ఎక్కొచ్చు. శుక్రవారం రాత్రి మ్యాచ్ ఎంచుకుంటే ఆట అయ్యాక బాణసంచా ఉంటుంది, పిల్లలకి స్కోరుతో పనే ఉండదు.

శాకాహారులకి అక్కడ తినాల్సింది ఎలోటే. మొక్కజొన్న కండె నుంచి గింజలు అప్పటికప్పుడు కోసి కప్పులో వేసి, వెన్న, చీజ్, నిమ్మరసం, కారం కలిపి ఇస్తారు. మయోనైజ్ కూడా వేస్తారు, గుడ్డు తిననివాళ్లు ముందే వద్దని చెప్పండి. కారం మాత్రం ఇంకాస్త వేయమనండి.

సెక్షన్ 140 వైపు కూడా ఒకసారి వెళ్లి రండి. 2005 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌ని అక్కడ కూర్చుని చూసినాయన ఇప్పుడు పోప్ లియో, సౌత్ సైడ్ శివారులో పెరిగిన వైట్ సాక్స్ అభిమాని. ఆ 2005 కప్పు 88 ఏళ్ల తర్వాత వచ్చింది, కాబట్టి ఇక్కడి జనానికి ఎదురుచూడటం కొత్త కాదు.

ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ మీద 'టీమ్ అమ్మేయ్' అని అరుపులు వినిపిస్తే కంగారు పడకండి. 1981 నుంచి ఆయన చేతిలోనే ఉంది టీమ్. టికెట్ కొని వచ్చి, చివరిదాకా కూర్చుని, ఓనర్‌ని నిలదీసేవాళ్లే అసలైన అభిమానులని నేననుకుంటాను. ఆటగాళ్లని పేరుపెట్టి బూతులు తిట్టేవాళ్ల పక్కన మాత్రం పిల్లలతో కూర్చోకండి, సీట్లు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి, మారిపోండి.

డ్రాఫ్ట్ మీద ఆశ పెట్టుకునే ముందు

'పోనీలే, ఆఖర్న ఉంటే వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి కుర్రాడు మనకే' అని చాలామంది సర్దిచెప్పుకుంటారు. డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం. ఇప్పుడలా లేదు. మొదటి ఆరు స్థానాలకి లాటరీ తీస్తారు. దానికి తోడు, ఆదాయం పంచుకునే లెక్కల్లో ఇచ్చే వైపు ఉండే పెద్ద ఊళ్ల టీమ్‌లకి రెండేళ్లు వరుసగా లాటరీ స్థానం దక్కదు. వైట్ సాక్స్‌కి 2024లో ఐదో స్థానం వచ్చింది కాబట్టి, 121 ఓడినా 2025లో పదో స్థానమే దక్కింది. కావాలని ఓడటాన్ని ఆపడానికి పెట్టిన నియమం, మంచిదే. మీ టీమ్ ఓటముల్ని డ్రాఫ్ట్ కోసం కోరుకునే ముందు వాళ్లకి అర్హత ఉందో లేదో చూసుకోండి.

సెప్టెంబర్

రికార్డు దగ్గరపడితే దేశమంతా మీ టీమ్ వైపు తిరుగుతుంది, అదో ఇబ్బంది. సెప్టెంబర్ 22న శాన్ డియాగోలో 120వ ఓటమితో మెట్స్‌ని అందుకున్నారు. తర్వాత సొంత ఊళ్లో లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్‌తో మూడు మ్యాచ్‌లు. చరిత్ర చూద్దామని జనం వచ్చారు, కెమెరాలు వచ్చాయి. మూడూ గెలిచారు! మొదటిది ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పుంజుకుని 3-2, రెండోది పదో ఇన్నింగ్స్‌లో 4-3, మూడోది 7-0. ఆ 121వ ఓటమి చివరికి 27న డెట్రాయిట్‌లో వచ్చింది, అదే రాత్రి టైగర్స్ 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేరారు. ఆ టైగర్స్ టీమే 2003లో 119 ఓడి, మూడేళ్లకి 2006లో వరల్డ్ సిరీస్ ఆడింది. మిగిలిన రెండు మ్యాచ్‌లూ వైట్ సాక్స్ గెలిచింది. సెప్టెంబర్‌లో టీవీ కట్టేసినవాళ్లు ఈ ఆఖరి వారం మొత్తం పోగొట్టుకున్నారు, ఆ సీజన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన వారం అది.

అయితే టైగర్స్ కథ చూసి మనకీ అలాగే జరుగుతుందని ఊరుకోకూడదు. రాకీస్ 2023లో 103, 2024లో 101, 2025లో 119 ఓడింది, బాగుపడనే లేదు. తేడా ఎక్కడుందో తెలియాలంటే కింది లీగ్‌లు చూడాలి. వైట్ సాక్స్ పెద్ద టీమ్ 121 ఓడిన ఏడాదే వాళ్ల డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద) టీమ్ బర్మింగ్‌హామ్ బేరన్స్ సదరన్ లీగ్ టైటిల్ గెలిచింది. 2025లో పెద్ద టీమ్ 60 గెలిచి 102 ఓడింది. ఇంకా చెత్తే, కానీ 19 గెలుపులు ఎక్కువ, క్రోషెకి బదులు వచ్చిన కైల్ టీల్, చేస్ మైడ్‌రాత్ ఆడుతుండగా, మధ్యలో పైకొచ్చిన కోల్సన్ మాంట్‌గమరీ 21 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆ మాంట్‌గమరీ 2024లో ట్రిపుల్-ఏ (ఒక మెట్టు కింద) టీమ్ షార్లెట్ నైట్స్‌కి ఆడాడు. షార్లెట్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంది, టికెట్లు మేజర్ లీగ్ కన్నా చాలా చవక. అక్కడుంటే వారాంతం ఒకసారి వెళ్లి రండి. షార్ట్‌స్టాప్‌లో ఎవరు ఆడుతున్నాడు, ఎంత వయసు, పిచ్చర్లలో ఎవరి బంతిని బ్యాటర్లు తాకలేకపోతున్నారు, ఇవి రాసుకుని, వచ్చే మార్చిలో పెద్ద టీమ్ లిస్టు వచ్చినప్పుడు ఆ పేర్లు ఉన్నాయేమో చూసుకోండి.